ఉల్టా సలహాలు: కృష్ణలో కయాక్ యాత్ర చేయాలనుకునేవాళ్లకు

నదిలో దూరప్రయాణం చేయాలని బుద్ధి పుట్టినవాళ్లు ముందు నది దగ్గరికి పోతారు. పోవద్దు. నార్కట్‌పల్లికి రండి. ఇక్కడ నది లేదు. చెర్వుగట్టు జడల రామలింగేశ్వరుడి గుట్టెక్కి నాలుగు దిక్కులా చూస్తే బత్తాయి తోటలు, పత్తి చేన్లు, బండరాళ్ల గుట్టలు, హైదరాబాద్–విజయవాడ హైవే మీద తెంపు లేకుండా పోయే లారీలు కనిపిస్తాయి. ఏరు మాత్రం కనిపించదు. కృష్ణలో వారాల తరబడి తెడ్డు వేసుకుంటూ పోవాలనుకునేవాళ్లు ప్రయాణాన్ని గీసుకోవాల్సింది ఇక్కడ కూర్చునే అని నా నమ్మకం. ఒడ్డున కూర్చుంటే నీళ్లు తప్ప ఇంకేమీ కనపడవు. ఆ ప్రయాణాన్ని ఆపేవి, చెడగొట్టేవి, ప్రాణం నిలబెట్టేవి చాలావరకు నీళ్లలో లేవు. రోడ్ల మీద, డ్యాముల మీద, అటవీశాఖ ఆఫీసుల్లో, చేపలవాళ్ల ఇళ్ల ముందర ఉన్నాయి.

ఇంకో కారణం కూడా ఉంది. నల్గొండ జిల్లాలో కృష్ణ అంటే తాగే నీళ్లు. బోర్లలో ఫ్లోరైడ్ తాగి పళ్లు గారపట్టి, ఎముకలు వంకరపోయిన మనుషులు ఉన్న జిల్లా ఇది. నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు పటిక, సున్నంతో నీళ్లలోని ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అని పేరు పెట్టారంటే మా నీళ్లు ఎంత పేరు మోశాయో తెలుస్తుంది. తర్వాత పుట్టంగండి దగ్గర కృష్ణ నీళ్లను సాగర్ నుంచి ఎత్తి అక్కంపల్లికి, పానగల్లు ఉదయసముద్రానికి తెచ్చారు. మిషన్ భగీరథ నల్లాలు వచ్చాయి. కృష్ణ నీళ్ల కోసం తరాలు ఎదురుచూసిన ఊళ్లో నాలుగు రోజులు ఉండి, నల్లా కింద బిందె పెట్టే మనిషితో మాట్లాడి బయల్దేరినవాడు నదిలో ప్లాస్టిక్ పారేయడు, పంపుహౌస్ ముందర విన్యాసాలు చేయడు.

ఇక పని సంగతి. మ్యాపు ముందర వేసుకుని అందరూ కిలోమీటర్లు కొలుస్తారు. కొలవకండి. గోడలు లెక్కపెట్టండి.

మహాబలేశ్వరంలో పుట్టి 1,400 కిలోమీటర్లు పారే నది కృష్ణ అని పుస్తకంలో ఉంటుంది. నారాయణపేట జిల్లా తంగిడి దగ్గర భీమను కలుపుకుని తెలంగాణలో అడుగుపెట్టాక ఆ నది వరసగా చెరువులైపోతుంది. జూరాల, దిగువ జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్, సత్రశాల దగ్గర టెయిల్‌పాండ్, పులిచింతల, ప్రకాశం బ్యారేజీ. పెద్ద గోడలే ఏడు. చిన్నాచితకా ఆనకట్టలు వేరే. ప్రతి గోడకూ ముందు బోటు ఒడ్డుకు తీయాలి, చుట్టూ తిప్పి మోయాలి, కింద మళ్లీ దింపాలి. డ్యాముకు ఎంత దూరంలో దిగాలి, అక్కడికి బండి వస్తుందా, ఆ దారి ఎవరి పొలంలోంచి పోతుంది, కింద నీళ్లలోకి దిగనిస్తారా అన్నవి తేలితే మీ ప్రయాణం తేలినట్టు. మధ్యలో తెడ్డు వేయడం తేలిక పని.

కాబట్టి బోటు లేకుండా ఒకసారి యాత్ర మొత్తం బస్సుల్లో చేయండి. నార్కట్‌పల్లి దీనికే పుట్టిన కూడలి. అద్దంకి రోడ్డు పడితే నల్గొండ, మిర్యాలగూడ మీదుగా వాడపల్లి వంతెన దగ్గర కృష్ణ. నల్గొండ నుంచి హాలియా మీదుగా పోతే సాగర్. దేవరకొండ, డిండి వైపు పోతే శ్రీశైలం రోడ్డు తగులుతుంది. విజయవాడ హైవే మీద కోదాడ దాకా పోయి హుజూర్‌నగర్ వైపు తిరిగితే మట్టపల్లి రేవు. జూరాల, బీచుపల్లి వైపు మాత్రం హైదరాబాద్ దాటి బెంగళూరు హైవే పట్టాలి. ప్రతి రేవులో దిగండి. టీ తాగండి. ట్రాలీ ఆటో అతని నంబరు రాసుకోండి, కిరాయి మాట్లాడుకోండి. పదిమంది కయాకర్ల వీడియోలు చూసినదానికన్నా ఆ నంబర్ల చీటీ ఎక్కువ పనికొస్తుంది. ఇంకో మాట. రేవులను దిగువ నుంచి ఎగువకు చూస్తూ రండి. అంటే ముందు విజయవాడ చూసి, చివర తంగిడి చూడండి. ఎక్కడ ఎక్కాలో తర్వాత, ఎక్కడ దిగాలో ముందు తెలియాలి. ఎక్కే చోటు సరిగా లేకపోతే ఆ రోజు ఆగిపోతారు, అంతే. దిగే చోటు లేకపోతే గేట్ల ముందర ఉంటారు.

కయాక్ ఆఖర్న కొనండి. డబ్బు ముందు కయాక్ మీద పెట్టినవాళ్లకు దాన్ని వాడాలన్న తొందర పుడుతుంది. ముందు పుట్టి ఎక్కండి. మక్తల్ దగ్గర పంచదేవ్‌పహాడ్ నుంచి శ్రీపాద శ్రీవల్లభుల కురువపురానికి భక్తులు నదిలో పుట్టి మీద దాటేవారు, ఇప్పటికీ దాటుతుంటారు. వెదురు బద్దలు గుండ్రంగా అల్లి, పూర్వం తోలు, ఇప్పుడు తారు పూసిన పట్టా చుట్టిన తెప్ప అది. ధ్రువప్రాంతపు ఇన్యూట్ వేటగాళ్లు ఒడ్డుకు కొట్టుకొచ్చిన కట్టె చట్రానికి సీల్ తోలు బిగించి చేసుకున్నదే కయాక్. చట్రం, తోలు, ఒక తెడ్డు: రెండు చోట్లా మనిషి ఆలోచన ఒకటే. ఆకారమే వేరు. పుట్టి తిన్నగా పోదు, గిర్రున తిరుగుతుంది. నడిపే అతను తెడ్డు ముందుకు ఇలా అలా కోస్తూ దాన్ని లాక్కుపోతాడు. అతని పక్కన కూర్చుని అడగండి: “అన్నా, నీళ్లు ఎక్కడ లాగుతయ్? బండ ఎక్కడుంది? గాలి ఎప్పుడు లేస్తది?” జూరాల ఎగువన కృష్ణ అంతా రాళ్లు, పాయలు, లంకలు. ఏ పాయలో పోతే ఎక్కడ తేలతామో ఫోన్ మ్యాపులో ఉండదు, అతనికి తెలుసు. ఉత్త చేతులతో అడగకండి, కిరాయి ఇచ్చి రెండుసార్లు దాటండి, అప్పుడు చెప్తాడు.

ఆ తర్వాత కయాక్. తెలిసినవాళ్లు పొడవాటి, సన్నటి, వేగంగా పోయే టూరింగ్ బోటు కొనమంటారు. నేను వెడల్పైనది, నిదానమైనది, గాలి కొట్టి మడతపెట్టేది, పైన కూర్చునేది కొనమంటాను. వేగంలో పోగొట్టుకున్నది ఏడు గోడల దగ్గర మిగులుతుంది. మడతపెట్టి సంచిలో వేస్తే ఆర్టీసీ కార్గోలో పోతుంది, ట్రాలీ ఆటోలో పోతుంది, గుట్ట దారిలో ఇద్దరు మోస్తారు. తిరగబడితే మళ్లీ ఎక్కడమూ తేలిక.

తిరగబడడం ముందు నేర్చుకోవాల్సిన విద్య. తెడ్డు వేయడం రెండు గంటల్లో వస్తుంది. బోల్తా పడి, బోటును వదలకుండా, దాన్ని సరిచేసి, కడుపు మీద పాకి ఎక్కడం రోజుల తరబడి చేస్తే గానీ రాదు. వికారాబాద్ దగ్గర కోట్‌పల్లి ప్రాజెక్టులో కయాకింగ్ నేర్పుతున్నారు. మూసీ పుట్టిన అనంతగిరి గుట్టల పక్కనే. అక్కడ నేర్చుకున్నది ఊరి చెరువులో సాధన చేయండి. చెరువు నిండినప్పుడు, మత్స్యకారుల సంఘాన్ని అడిగి, లైఫ్ జాకెట్ వేసుకుని, ఒడ్డున తాడు పట్టుకుని ఒక మనిషిని నిలబెట్టి. బట్టలతో, చెప్పులతో, సామాను కట్టిన బోటుతో బోల్తా పడండి. నిజంగా పడేది అలాగే కదా.

ఏ నెలలో పోవాలి? చాలామంది వరద తర్వాత వెంటనే పోవాలంటారు, నది పరుగు మీద ఉంటుంది, మనం కూర్చుంటే చాలు అదే తీసుకుపోతుంది అని. ఆ నీళ్లు తీసుకుపోయేది గేట్ల దగ్గరికి. కృష్ణ పరుగు మీద ఉన్నప్పుడు పోకండి. కార్తీకం దాటాక, గేట్లు దించి, జలాశయాలు కదలకుండా నిలబడి ఉన్నప్పుడు పోండి. నవంబర్ నుంచి జనవరి దాకా. అప్పుడు గాలి ఈశాన్యం నుంచి, తూర్పు నుంచి వస్తుంది. నది పోయేది తూర్పుకు. అంటే రోజూ ఎదురుగాలి. అది మంచిదే అంటాను. ఎదురుగాలిలో చేయి ఆపితే బోటు వెనక్కి, గోడకు దూరంగా పోతుంది. వెనకగాలిలో చేయి ఆపినా గోడ దగ్గరపడుతూనే ఉంటుంది. రోజుకు పదిహేను, ఇరవై కిలోమీటర్లు పోతే చాలనుకోండి. తెల్లారి మంచు విడిచాక బయల్దేరి, గాలి లేవకముందే సగం దూరం అయిపోవాలి.

ఇప్పుడు నీళ్ల లెక్క. దీని మీద నేను ఎక్కువసేపు నిలబడతాను, ఎందుకంటే ప్రాణం పోయేది ఇక్కడే.

2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నది రాళ్ల మీద నిలబడి ఫొటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. వాన లేదు. వరద లేదు. ఎగువన లార్జి డ్యాము నుంచి నీళ్లు వదిలారు. మన పిల్లలకు ఆ నది భాష రాదు, అంతకుమించి వాళ్లు చేసిన తప్పేమీ లేదు. కృష్ణకూ అలాంటి భాష ఉంది, అది నేర్చుకోకుండా అందులోకి దిగకూడదు.

ఆ భాష పేపర్లో రోజూ అచ్చవుతుంది: ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో, నీటిమట్టం. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు. సాగర్ 590. ఎగువన ఆల్మట్టి నిండితే నారాయణపూర్ నిండుతుంది, అది నిండితే జూరాల గేట్లు లేస్తాయి, అక్కడి నుంచి శ్రీశైలం, సాగర్. యాత్రకు ఒక ఏడాది ముందు నుంచే ఆ అంకెలు నోటుబుక్కులో రాయండి. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు 28 లీటర్ల పైచిలుకు. లక్ష క్యూసెక్కులంటే సెకనుకు 28 లక్షల లీటర్లు. 2009 అక్టోబర్‌లో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చింది. 2024 సెప్టెంబర్ మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదలో తాళ్లు తెంపుకున్న పెద్ద పడవలు వచ్చి గేట్లను గుద్దుకుని, కాంక్రీటు కౌంటర్‌వెయిట్లను పగలగొట్టి అక్కడే ఇరుక్కున్నాయి. అంత పెద్ద పడవలనే ఆ నీళ్లు అలా విసిరాయి. ఏడాది పాటు అంకెలు రాసినవాడికి ఆ పేపరు ముక్క చూడగానే ఒళ్లు జాగ్రత్త పడుతుంది.

గేట్లు దించి ఉన్నా కరెంటు తయారీ ఆగదు. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో ఆరు యూనిట్లు, ఒక్కోటి 150 మెగావాట్లు. అవి తిరిగే టర్బైన్లే కాదు, నీళ్లను వెనక్కి తోడే పంపులు కూడా. సాయంత్రం కరెంటు వాడకం పెరిగితే యూనిట్లు లేస్తాయి, కింద నీళ్లు లేస్తాయి. రాత్రి వెనక్కి తోడితే తగ్గుతాయి. సాగర్ కింద టెయిల్‌పాండ్ కట్టిందీ అందుకే. కాబట్టి ఏ డ్యాము కిందా ఇసుక మీద పడుకోకండి, బోటు నీటి అంచున కట్టకండి. ఒడ్డు మీద గడ్డి, పాత చెత్త వరస కనిపిస్తుంది చూడండి, నీళ్లు అంతవరకు వచ్చాయని గుర్తు. దానికి పైన పడుకోండి. నీళ్లు తోడుకునే చోట్లకూ దూరంగా ఉండండి. శ్రీశైలంలో కుడివైపు పోతిరెడ్డిపాడు, ఎడమవైపు కొల్లాపూర్ దగ్గరి ఎల్లూరు, సాగర్‌లో పుట్టంగండి. పైన నీళ్లు నిలకడగా కనిపిస్తాయి, అడుగున లాగుతుంటాయి.

నది మీద అన్నిటికన్నా అందమైన భాగాన్ని వదిలేయండి. ఈ మాటకు చాలామంది నొచ్చుకుంటారు. శ్రీశైలం నుంచి సాగర్ దాకా నల్లమల మధ్య కొండల సందుల్లో సుమారు 110 కిలోమీటర్ల నీళ్లు. ఎడమ ఒడ్డున 2,600 చదరపు కిలోమీటర్లు దాటిన అమ్రాబాద్ పులుల అభయారణ్యం, కుడి ఒడ్డున నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం. అక్కడ ఎక్కడ పడితే అక్కడ ఒడ్డెక్కి గుడారం వేయడం నేరం, పైగా అది పులులూ, మొసళ్లూ, చెంచులూ ఉండే చోటు. మన సాహసానికి ఖాళీ చేసిపెట్టిన మైదానం కాదు. రెండు రాష్ట్రాల అటవీశాఖల అనుమతి చేతిలో లేకపోతే బోటు మడిచి టూరిజం లాంచీ ఎక్కండి. పైడెక్ మీద కూర్చుని, ఆ కొండల్ని తల తిప్పకుండా చూడండి. తెడ్డు వేసేవాడు ముందరి అలను చూస్తాడు. లాంచీలో కూర్చున్నవాడు నల్లమలను చూస్తాడు. యాత్ర తెగిపోయిందని ఎవరన్నా అంటే అననీయండి. ఏడుచోట్ల గోడలు కట్టి నదిని తెంపింది మనమే కదా, ప్రయాణం మాత్రం తెగకుండా ఎలా ఉంటుంది?

తెడ్డు వేయనిచ్చే జలాశయాల్లో అడుగున ఏముందో తెలుసుకుని పోండి. సోమశిల ఎదురుగా సంగమేశ్వరం గుడి ఏడాదిలో చాలా నెలలు మునిగే ఉంటుంది; మట్టం తగ్గాక బయటపడుతుంది. శ్రీశైలం నీళ్ల కింద ఊళ్లకు ఊళ్లున్నాయి. సాగర్ కింద నాగార్జునకొండ లోయ మొత్తం, ఏలేశ్వరం పాత ఊరు. గుడులు కొన్నింటిని విప్పి పైకి తెచ్చి మళ్లీ కట్టారు. ఇళ్లను అలా తేలేదు. మట్టం దిగుతున్న కాలంలో పాత గోడల అంచులు, మోడైన చెట్ల కొసలు జానెడు లోతులో ఉంటాయి. గాలి బోటు వాటి మీద చీలిపోతుంది. అతుకు సామాను తప్పనిసరి. ఆ నీళ్ల మీదుగా పోయేటప్పుడు పాటలు పెట్టుకోకండని కూడా చెప్తాను. ఆ ఊళ్లవాళ్లు ఇంకా బతికే ఉన్నారు.

గైడు పుస్తకాలు చెప్పని రెండు ప్రమాదాలున్నాయి. ఒకటి వలలు. సోమశిల, కొల్లాపూర్ వైపు అలివి వలలు, మామూలు వలలు కిలోమీటర్ల పొడవున పరిచి ఉంటాయి. తెల్ల థర్మోకోల్ ముక్కలో, ఖాళీ సీసాలో తేలుతూ గుర్తుగా ఉంటాయి. వల మీద నుంచి పోవద్దు, కోయొద్దు, చుట్టూ తిరిగి పోండి. ఒకడి నెల సంపాదన అది. రెండోది మోటార్లు. ఒడ్డున రైతులు నీళ్లు తోడడానికి పెట్టినవి. అతుకులు వేసిన కరెంటు తీగలు కట్టెల మీద వేలాడి, కొన్నిచోట్ల నీళ్లలోనే పడి ఉంటాయి. మోటార్ కనిపించిన చోట ఒడ్డెక్కకండి, తడి చేత్తో ఏ తీగనూ పక్కకు జరపకండి.

నది మీద పోతూ నీళ్లు మోసుకుపొమ్మంటే విడ్డూరంగా ఉంటుంది. మోసుకుపోండి. మనిషికి రోజుకు అయిదు లీటర్ల లెక్కన, ఊరూరా నల్లాల దగ్గర నింపుకుంటూ. వాడపల్లి దాటాక మరీ ముఖ్యం. అక్కడ మూసీ కలుస్తుంది, హైదరాబాద్ మురుగంతా మోసుకుని. మీనాక్షీ అగస్త్యేశ్వరుల గుడి మెట్ల మీద నిలబడితే రెండు నీళ్లూ కలిసే చోటు కనిపిస్తుంది. ఆ రాత్రి అక్కడే ఊళ్లో ఆగి, ఆ నీళ్లెక్కడివని ఆలోచించమని హైదరాబాద్ నుంచి వచ్చే కుర్రాళ్లకు ప్రత్యేకంగా చెప్తాను. రాత్రి బస కూడా నిర్జనంగా ఉన్నచోట కాదు, మనుషులున్న చోట. నేరేడుగొమ్ము వైపు వైజాగ్ కాలనీలో విశాఖ తీరం నుంచి వచ్చి స్థిరపడ్డ జాలరులు ఉన్నారు. అలాంటి ఊళ్లో చేపల కూర వండించుకుని తింటే రేపటి గాలి సంగతి, ఎక్కడ దిగాలన్న సంగతి ఉచితంగా తెలుస్తుంది.

మొత్తం దూరాన్ని నెత్తిన పెట్టుకోకండి. 1932లో ఆస్కార్ స్పెక్ అనే జర్మన్ యువకుడు పనిలేక మడత కయాక్ వేసుకుని ఉల్మ్ పట్టణం దగ్గర డాన్యూబ్‌లోకి దిగాడు. సైప్రస్ రాగి గనుల్లో ఏదో పని దొరుకుతుందని మాత్రమే అతని ఆశ. ఒక తీరం తర్వాత ఇంకో తీరం, మన భారత తీరం కూడా చుట్టి, ఏడేళ్లకు 1939లో ఆస్ట్రేలియా చేరాడు. ఆస్ట్రేలియా పోదామని బయల్దేరి ఉంటే డాన్యూబ్‌లోనే భయపడేవాడేమో. మీరూ ఏ రోజుకు ఆ రోజు తర్వాతి రేవు ఒక్కటే పెట్టుకోండి. సాయంత్రం ఒడ్డెక్కగానే ఇంటి దగ్గర ఒకే మనిషికి ఫోన్ చేసి మూడు ముక్కలు చెప్పండి: ఎక్కడ దిగాం, రేపు ఎక్కడ దిగుతాం, ఎన్నింటికి ఫోన్ రాకపోతే పోలీసులకు చెప్పాలి.

సముద్రం దాకా పోవద్దు. హంసలదీవి దగ్గర కృష్ణ సముద్రంలో కలిసే చోటికి బోటు వేసుకుని చేరాలని అందరికీ ఉంటుంది. వరద లేని నెలల్లో ప్రకాశం బ్యారేజీ కింద చాలా దూరం నీళ్లు అంతంతే. ఇసుకలో బోటు ఈడ్చాలి. చివర ఆటుపోట్లు, అలలు. అవి నదిలో నేర్చుకున్న చేతికి కొత్త. బ్యారేజీకి బాగా ఎగువనే, ఇబ్రహీంపట్నం ఫెర్రీ వైపు ఒడ్డెక్కి యాత్ర ముగించండి. హంసలదీవికి తర్వాత బస్సులో పోయి సముద్రస్నానం చేసి రండి.

ఆ ఫెర్రీ దగ్గరే 2017 నవంబర్ 12న, కార్తీక మాసపు ఆదివారం, పర్యాటకుల పడవ తిరగబడి ఇరవై మందికి పైగా పోయారు. ఒడ్డు కనిపిస్తూనే ఉంది. అందుకే మీ చివరి మైలులో, ఘాట్ మెట్లు, మనుషులు, టీకొట్లు కనిపించి, ఫొటో కోసం లైఫ్ జాకెట్ బకిల్ మీదికి చేయి పోయినప్పుడు, ఆ చేయి వెనక్కి తీయండి. బోటు ముక్కు మెట్టుకు తగిలి, రెండు కాళ్లూ రాయి మీద పెట్టి, బోటును పైకి లాగిన తర్వాత విప్పండి.